మన ఆస్పత్రి బండి – గేర్‌బాక్సు ఆయిల్



ప్రతి ఏటా ఈ సంచికలో నేను పదో తరగతి ఫలితాల గురించో, స్కాలర్‌షిప్పు పరీక్షల గురించో రాస్తూ వచ్చాను. ఈసారి గేర్‌బాక్సు ఆయిల్ గురించి రాస్తున్నాను. బడి పంతులికి ఇదేం పని అని కొందరు నవ్వుకోవచ్చు. నిరుడు వైద్య సహాయ నిధిలోంచి లక్ష రూపాయలకు పైగా ఒక గేర్‌బాక్సుకు పోయింది. లెక్కల పేజీలో అది "వాహన మరమ్మతు" అని ఒక్క వరుసలో కనిపిస్తుంది. ఆ వరుస వెనక ఏం జరిగిందో ఇచ్చినవాళ్లకు చెప్పాలి. మీలో చాలామంది ఇళ్ల ముందు ఇప్పుడు ఆటోమేటిక్ కార్లే ఉన్నాయి కాబట్టి, మా అనుభవం మీకూ పనికొస్తుంది.

మన సొసైటీ బండి సంగతి మీకు తెలుసు. ఒక దాత తాను వాడుకున్న ఏడు సీట్ల డీజిల్ ఆటోమేటిక్ బండిని రోగుల కోసం ఇచ్చారు. వారంలో రెండు మూడు రోజులు అది బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రికి, నెలలో నాలుగైదు సార్లు బెంగళూరు కిద్వాయి ఆస్పత్రికి తిరుగుతుంది. ఇంజన్ ఆయిల్ వేళకు మార్చాం. టైర్లు మార్చాం. ఇన్సూరెన్సు ఒక్కరోజు కూడా తప్పలేదు. గేర్‌బాక్సులో కూడా ఆయిల్ ఉంటుందని, అది కూడా పాతబడుతుందని కమిటీలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మొదట కనిపించిన గుర్తు చాలా చిన్నది. పొద్దున బండి తీసి లివర్‌ను "డి"లో పెడితే వెంటనే కదలదు. ఒక క్షణం ఆగి, చిన్న కుదుపుతో కదులుతుంది. డ్రైవరు చెప్పాడు, "చలికి అట్లనే ఉంటుందిలే" అనుకున్నాం. తర్వాత రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజన్ మోత పెరిగేది, బండి మాత్రం ముందుకు లాగేది కాదు. ఒకరోజు బెంగళూరు నుంచి తిరిగి వస్తూ కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పూర్తిగా నిలిచిపోయింది. లోపల కీమో చేయించుకున్న ఒక తల్లి, ఆమె కూతురు ఉన్నారు. ఇంకో బండి దొరికేదాకా రెండు గంటలకు పైగా ఆ తల్లి రోడ్డు పక్కన వేపచెట్టు కింద చాప మీద పడుకుని ఉంది. ఆ పాపం బండిది కాదు, మాది.

మరుసటి రోజు మెకానిక్ చాచా వచ్చి చూశారు. నలభై ఏళ్లుగా లారీల గేర్‌బాక్సులు విప్పిన చెయ్యి. ఆయన మొదటి ప్రశ్న: "సార్, దీని గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడు మార్చినారు?" నేను సర్వీసు పుస్తకం తిరగేశాను. ఎక్కడా లేదు. మీటరు లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. చాచా ఒక చుక్క ఆయిల్ తెల్ల కాగితం మీద వేసి నా చేతికిచ్చారు. టీ డికాక్షన్ రంగు, మాడిన వాసన.

ఆ చుక్క ఎందుకంత ముఖ్యమో కాస్త వివరంగా చెప్పాలి.

వెనకటి ఎద్దులబండి ఇరుసుకు కందెన పెట్టేవాళ్లు. ఆ కందెనకు ఒకటే పని, రాపిడి తగ్గించడం. మామూలు గేర్ల బండిలో గేర్‌బాక్సు ఆయిల్ పని కూడా దాదాపు అంతే. ఆటోమేటిక్‌లో అట్లా కాదు. అక్కడ ఇంజన్‌కూ గేర్లకూ మధ్య మన కాలితో తొక్కే క్లచ్ లేదు. దాని బదులు టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. కన్వర్టర్‌లో గాలి బదులు ఆయిల్ ఉంటుంది. అంటే ఇంజన్ బలాన్ని చక్రాల వైపు మోసేది ముందు ఆయిలే. గేరు మార్చేది కూడా అదే: కంప్యూటరు వాల్వు తెరిస్తే ఆయిల్ ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను అదిమి పట్టుకుంటుంది. ఆ ప్లేట్లు ఎంత పట్టుకోవాలో, ఎంత జారాలో కూడా ఆయిల్‌లో కలిపిన రసాయనాలను బట్టే ఉంటుంది. ఇన్ని పనుల మధ్య పుట్టిన వేడిని కూలర్ దాకా మోసుకుపోయేదీ అదే.

అందుకే ఈ ఆయిల్‌ను తయారుచేయడం మొదటి నుంచీ ఒక ప్రత్యేక విద్య. 1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమ్మకానికి పెట్టింది. తర్వాత చాలా ఏళ్లపాటు ఇలాంటి ఆయిల్‌లో తిమింగలపు నూనె కలిపేవారంటే మీరు నమ్మరు. 1970లలో తిమింగలాల రక్షణ చట్టాలు వచ్చి అది ఆగిపోయాక, బదులు రసాయనం కోసం ఆయిల్ కంపెనీలు చాలా తంటాలు పడ్డాయి.

ఆయిల్‌ను పాడుచేసేది ముఖ్యంగా వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే నూనె చెడిపోయే వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. గేర్‌బాక్సులో ఆయిల్ మామూలుగానే 80, 90 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. మన అనంతపురంలో మే నెలలో బయటే 42 డిగ్రీలుంటే కూలర్‌కు తగిలేది వేడిగాలే. దానికి ఏడుగురు మనుషులు, ఏసీ, పెనుకొండ దగ్గర ఎత్తుపల్లాలు, చివర్లో హెబ్బాళ దగ్గర అడుగడుగునా ఆగుతూ సాగే ట్రాఫిక్. ఇంజనీర్లు "కఠిన వాడకం" అని రాసేది దీన్నే. కొన్ని కంపెనీల పుస్తకాల్లో "గేర్‌బాక్సు ఆయిల్ మార్చనక్కరలేదు" అని ఉంటుంది. అదే పుస్తకంలో చిన్న అక్షరాల్లో, కఠిన వాడకమైతే ఇన్ని కిలోమీటర్లకు మార్చండి అని ఉండే అవకాశం ఉంది. ఆ చిన్న అక్షరాలు రాసింది మన జిల్లా కోసమే అనుకోండి. బండిని బట్టి సాధారణంగా 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య మార్చడం మంచిది.

ఇక మీ సొంత కార్ల సంగతి. ఎర్రమంచి దగ్గర కియా కార్ఖానా వచ్చి, 2019 ఆగస్టులో సెల్టోస్ అమ్మకానికి వచ్చాక మన జిల్లాలో ఆటోమేటిక్ కార్లు బాగా పెరిగాయి. కాకపోతే "ఆటోమేటిక్" అనే ఒక్క మాట కింద మనవాళ్లు నాలుగు రకాల యంత్రాలను కలిపేస్తున్నారు. 2014లో మారుతి సెలేరియోతో వచ్చిన ఏఎంటీ అసలు మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మనిషి బదులు యంత్రం చేస్తుంది. దానికి మామూలు గేరు ఆయిల్ వేస్తారు, నేను చెప్పబోయే పద్ధతి దానికి పనికిరాదు. రెండోది టార్క్ కన్వర్టర్. మన సొసైటీ బండి అదే, సెల్టోస్ డీజిల్ ఆటోమేటిక్ కూడా అదే. మూడోది సీవీటీ, కియావాళ్లు దాన్ని ఐవీటీ అంటారు. నాలుగోది రెండు క్లచ్‌ల డీసీటీ. ఈ చివరి రెండింటి జోలికి ఇంట్లో పోవద్దు. వాటి ఆయిల్ వేరు, మార్చే తీరు వేరు, మార్చాక కొన్నింటికి కంప్యూటరు పెట్టి సరిచేయాలి. ముందు మీ బండి ఏ రకమో పుస్తకంలో చూసుకోండి, ఆ తర్వాతే పానా పట్టండి.

ఆయిల్ ఎంపికలో రంగు చూసి మోసపోకండి. చాలా ఆటోమేటిక్ ఆయిళ్లు ఎర్రగానే ఉంటాయి. టయోటా డబ్ల్యూఎస్ అనేది, హ్యుందాయ్ కియా బండ్లు వాడే ఎస్‌పీ-4 అనేది, డెక్స్‌రాన్-6 అనేది సీసాలో పక్కపక్కన పెడితే తేడా తెలియదు. వాటిలో కలిపిన రసాయనాలు వేరు, ప్లేట్లు పట్టుకునే తీరు వేరు. పుస్తకంలో ఏ పేరుందో ఆ పేరే కొనండి, బిల్లు తీసుకోండి. ఇంజన్ ఆయిల్ మిగిలింది కదా అని అందులో పోయవద్దు. నవ్వొద్దు, ఈ మాట నన్ను ఇద్దరు అడిగారు.

మన బండికి ఏం చేయాలన్న దాని మీద రెండు మాటలు వచ్చాయి. ఒక పెద్ద వర్క్‌షాపువాళ్లు, యంత్రం తగిలించి ఒత్తిడితో పాత ఆయిల్‌నంతా ఒక్కసారే కడిగేద్దాం, గంటలో పని అయిపోతుంది అన్నారు. చాచా అడ్డుపడ్డారు. "ఎన్నో ఏండ్లుగా మార్చని బాక్సు సార్ ఇది. ఒక్కసారిగ కడిగితే అడుగున కూచున్న మడ్డంతా లేచి వాల్వుల్లో ఇరుక్కుంటుంది. నిదానంగ పోదాం." వేళకు మార్చుకుంటూ వచ్చిన బండికి యంత్రంతో కడిగినా ఇబ్బంది ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి వదిలేసిన దానికి మాత్రం చాలామంది అనుభవజ్ఞులైన మెకానిక్కులు చాచా చెప్పినట్టే చెబుతారు. మేము ఆయన మాటే విన్నాం.

నిదానపు పద్ధతి ఇది. కింద చాంబర్ నట్టు విప్పితే ఆయిల్ సగమే దిగుతుంది. మిగతా సగం కన్వర్టర్‌లో, వాల్వుల్లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. కన్వర్టర్‌కు అడుగున విప్పడానికి సాధారణంగా నట్టు ఉండదు. ఇఫ్తార్ కోసం ఎనిమిది లీటర్ల షర్బత్ కలిపి, అందులో నాలుగు లీటర్లు తీసి నాలుగు లీటర్ల నీళ్లు పోశారనుకోండి. షర్బత్ సగం మిగిలింది. బాగా కలిపి మళ్లీ నాలుగు తీసి నాలుగు పోస్తే పాతది పావు వంతు. మూడోసారికి ఎనిమిదో వంతు. అంటే మూడు మార్పులకు పన్నెండు లీటర్ల కొత్త ఆయిల్ ఖర్చయి, బాక్సులో 87.5 శాతం కొత్తది ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇచ్చాను, ఒక అమ్మాయి "నూటికి నూరు ఎప్పటికీ రాదు కదా సార్" అంది. రాదు, అవసరమూ లేదు. ఒక్కో మార్పుకూ మధ్య కొన్ని వందల కిలోమీటర్లు బండి తిరగాలి, అప్పుడే పాతదీ కొత్తదీ కలుస్తాయి.

పని మొదలుపెట్టే ముందు బండి కింద దూరే మాట. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద పడుకోకండి. నాలుగు చోట్లా జాకీ స్టాండ్లు పెట్టాలి, బండి నాలుగు వైపులా సమంగా ఉండాలి. మన వైపు కడప బండలు, సిమెంటు ఇటుకలు పేర్చి దాని మీద ఎక్కించే అలవాటుంది. బరువుకు అవి చెప్పకుండా పగులుతాయి. స్టాండ్లు లేకపోతే గుంత ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి, అందులో తలవంపు ఏమీ లేదు.

తర్వాత, కింది నట్టు విప్పే ముందు పైన ఆయిల్ పోసే నట్టు విప్పి చూసుకోవాలి. ఈ ఒక్క ముక్క మరిచిపోయినా ఫరవాలేదనుకునేవాళ్లకు చెబుతున్నాను: పాత ఆయిల్ అంతా దించేశాక పై నట్టు తుప్పుపట్టి రాకపోతే, బండి అక్కడి నుంచి కదలదు, లారీ మీద ఎక్కించాల్సిందే.

ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి. మరిగి ఉంటే చెయ్యి కాలుతుంది, చల్లగా ఉంటే మడ్డి దిగదు. దిగిన ఆయిల్‌ను పారబోయకుండా లీటరు నీళ్ల సీసాల్లో పోసి కొలవాలి. మాకు మొదటిసారి మూడు సీసాలు నిండి నాలుగోది ముప్పావు దాకా వచ్చింది. ఎంత దిగిందో అంతే కొత్తది పోయాలి. అంతకుముందే ఎక్కడైనా కారుతూ వచ్చిందేమో మాత్రం చూసుకోవాలి. కారిన బాక్సుకు ఈ కొలత తప్పుతుంది.

చాంబర్ విప్పితే లోపల అయస్కాంతం ముక్కలు కనిపిస్తాయి. వాటికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే భయపడనక్కరలేదు, వాడకంలో అరిగిన పొడి అది. వేలికి గుచ్చుకునే ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం అక్కడే ఆపి, పని పెద్ద మెకానిక్కుకు అప్పగించండి. మాకు పేస్టు మందంగా ఉంది, ముక్కలు లేవు. ఫిల్టరు మార్చాం, చాంబర్ ప్యాకింగ్ కొత్తది వేశాం, డ్రైన్ నట్టుకు కొత్త వాషర్ వేశాం. నట్టును బలం కొద్దీ బిగించకండి. చాంబర్ అల్యూమినియమైతే మర చెడుతుంది. పుస్తకంలో చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగించాలి.

కొత్త ఆయిల్ పోశాక ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని, లివర్‌ను పీ, ఆర్, ఎన్, డీలలో ఒక్కో చోట కొన్ని క్షణాలు ఉంచుతూ అటూ ఇటూ రెండు మూడు సార్లు తిప్పాలి. ఆయిల్ అన్ని దారుల్లోకీ వెళుతుంది. అప్పుడు మట్టం చూడాలి. వెనకటి బండ్లకు కొలపుల్ల ఉండేది. ఇప్పటివాటికి చాలావరకు లేదు. బండి సమంగా ఉండి, ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ ఉష్ణోగ్రత పుస్తకంలో చెప్పిన మేరకు ఉన్నప్పుడు మట్టపు నట్టు విప్పితే సన్నటి ధార వచ్చి ఆగిపోవాలి. అసలు రాకపోతే ఇంకా పోయాలి.

ఇక్కడే మా ఊరి ఎండ మమ్మల్ని దెబ్బతీసింది. చాలా బండ్లకు ఆ ఉష్ణోగ్రత 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మేము మొదటిసారి ఏప్రిల్‌లో జుహర్ నమాజు తర్వాత మొదలుపెట్టాం. బయటి గాలే 40 దాటింది, ఇంజన్ నడిచిన కాసేపటికి స్కానర్‌లో ఆయిల్ 55 చూపించింది. వేడికి ఆయిల్ ఉబ్బుతుంది, నట్టు విప్పితే ఉండాల్సిన ఆయిల్ కూడా బయటికి కారిపోతుంది. చల్లారాక చూస్తే తక్కువవుతుంది. ఆరోజు పని ఆపేశాం. మరుసటి రోజు ఫజర్ నమాజు కాగానే, సొసైటీ ఆవరణలో, గాలి చల్లగా ఉండగా చేశాం. అప్పుడు సరిగ్గా కుదిరింది. ఉష్ణోగ్రత చూడటానికి ఫోన్‌కు కలిసే చిన్న స్కానర్ చాలు.

కూలర్ పైపు విప్పి కడిగే ఇంకో పద్ధతి ఉంది. కూలర్ నుంచి గేర్‌బాక్సుకు తిరిగివచ్చే పైపు ఊడదీసి సీసాలో పెట్టి, ఒకరు ఇంజన్ స్టార్ట్ చేస్తే పాత ఆయిల్ బాక్సు సొంత పంపు బలంతోనే బయటికి వస్తుంది. లీటరు రాగానే ఆపి, లీటరు కొత్తది పోసి, మళ్లీ స్టార్ట్ చేయాలి. తక్కువ ఆయిల్‌తో దాదాపు మొత్తం మారుతుంది. ఇద్దరు మనుషులు ఉండాలి, ఒకరి కన్ను సీసా మీద, ఒకరి చెయ్యి తాళం మీద. క్షణం ఏమరుపాటైతే పంపు ఎండి పాడవుతుంది. ఆవరణలో మాకు అంత ధైర్యం చాలలేదు.

ఫలితం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మొదటి మార్పుతో పొద్దుటి కుదుపు తగ్గింది. రెండో మార్పు తర్వాత "డి"లో పెట్టగానే కదిలింది. మాకు ఆశ పుట్టింది. కానీ రెండు నుంచి మూడుకు మారేటప్పుడు జారడం మూడో మార్పు అయినా పోలేదు. అరిగిపోయిన ప్లేట్లకు కొత్త ఆయిల్ కొత్త చర్మం తొడగదు. చివరికి బాక్సు దించి ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. మొదట చెప్పిన లక్ష పైచిలుకు అదే. రెండుసార్లు వేళకు ఆయిల్ మార్చి ఉంటే అందులో చిన్న భాగంతో సరిపోయేది. ఆ నెలన్నర రోజులూ రోగులను బస్సుల్లో, అద్దె బండ్లలో పంపాం. అద్దె కూడా నిధిలోంచే.

దాతలు బండి కొనడానికి ముందుకొచ్చినంత ఉత్సాహంగా బండి నడపడానికి ఇవ్వరని కమిటీలో ఒక ఫిర్యాదు ఉంది. అది సగమే నిజం. నిర్వహణకు ఇంత కావాలని మేము అడిగింది ఎప్పుడు? ఈ ఏడాది నుంచి బండి నిర్వహణకు వేరే ఖాతా పెట్టాం. లెక్కల పేజీలో చూడండి. అది వైద్య నిధితో కలవదు.

పాత ఆయిల్ ఏం చేశారని ఒక దాత ఫోన్ చేసి అడిగారు, మంచి ప్రశ్న. పన్నెండు లీటర్లకు దగ్గరగా పోగైంది. చాలా చోట్ల దాన్ని వెనక కాలువలోనో ఖాళీ స్థలంలోనో పోస్తారు, లేదా చెదలు పట్టకుండా గుంజలకు, వాసాలకు పూస్తారు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా మనల్ని చెప్పుకుంటారు. వెయ్యి అడుగులు దాటి బోర్లు వేసుకుని తాగుతున్నాం. మన మసీదు వెనక ఇంకుడు గుంత తవ్వించింది కూడా ఈ సొసైటీయే, దాని పక్కనే ఆయిల్ పోస్తే ఎట్లా? 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్‌ను రిజిస్టర్డ్ రీసైక్లర్లకే ఇవ్వాలి. వాళ్లకు పంపే ఏర్పాటున్న ఒక పెద్ద గ్యారేజీలో, మూతలు బిగించిన డబ్బాల్లో అప్పగించాం. చేతికంటిన ఆయిల్ తుడిచిన గుడ్డలు కూడా వాటితోనే ఇచ్చాం.

ఇప్పుడు బండిలో ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం ఉంది. డ్రైవరు ప్రతి ప్రయాణం తర్వాత మీటరు అంకె, ఏదైనా కుదుపు తగిలితే ఏ గేరులో తగిలిందో రాస్తాడు. నెలకోసారి చాచా మనవడు వచ్చి చూసి సంతకం పెడతాడు. ఐటీఐలో మోటార్ మెకానిక్ చదువుతున్నాడు, ఆ మూడు మార్పులకూ స్టాండ్ల మధ్య దూరింది వాడే. ప్లేట్లు మార్చిననాటి నుంచి 50,000 కిలోమీటర్లు లెక్కగట్టి, తర్వాతి ఆయిల్ మార్పు అంకెను నోటు పుస్తకం అట్ట మీద ఎర్ర సిరాతో రాశాం. అదే అంకెను డాష్‌బోర్డు మీద కూడా అంటించాం.